ఎండ పడటం లేదా? ఎప్పుడు, ఎక్కడ అన్నది ముందు చెప్పండి

పాఠకుల ప్రశ్నలు – చర్మవ్యాధి నిపుణుల జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి మొదటి వాక్యం ఒకటే: ‘నాకు ఎండ పడటం లేదు’. లోపలికి వెళ్లి చదివితే అరడజనుకు పైగా వేర్వేరు జబ్బులు తేలాయి. వాటిలో కొన్నిట్లో ఎండ తప్పు సగమే, కొన్నిట్లో అసలు లేదు. వాడిన క్రీముల పేర్లన్నీ వరసగా రాస్తున్నారు గానీ అసలు కావాల్సిన రెండు సంగతులు వదిలేస్తున్నారు. ఎండలోకి వెళ్లిన ఎంతసేపటికి వచ్చింది? ఒంటి మీద ఎక్కడెక్కడ వచ్చింది, ఎక్కడ రాలేదు? ఈ రెండూ రాస్తే మా పని సగం తేలికవుతుంది.

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. స్కూల్లో టీచర్‌ని. మూడేళ్లుగా ఏటా మార్చిలో ముంజేతుల మీద, మెడ వెనక ఆవగింజలంత బుడిపెలు వస్తున్నాయి. తెగ దురద. ముఖం మీద మాత్రం రావు. ఇంట్లో చెమటకాయలంటారు. పౌడర్ చల్లినా తగ్గవు, వానలు పడ్డాక వాటంతటవే పోతాయి. ఏమిటివి?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: చెమటకాయలు బట్ట కింద వస్తాయి. వీపు, నడుము, చంకల చుట్టుపక్కల, గాలాడని చోట. మీకు వస్తున్నది బట్ట లేని చోట. జాకెట్టు చేతి అంచు దగ్గర బుడిపెలు గీత గీసినట్టు ఆగిపోతున్నాయేమో, వాచీ పట్టీ కింద చర్మం శుభ్రంగా ఉందేమో చూడండి. అలా ఉంటే ఇది పాలీమార్ఫస్ లైట్ ఎరప్షన్. పొట్టిగా పీఎంఎల్‌ఈ అంటారు. ఎండ అలర్జీల్లో అన్నిటికన్నా ఎక్కువమందికి వచ్చేది ఇదే. సాధారణంగా 20–40 ఏళ్ల మధ్య మొదలవుతుంది, మగవాళ్లకన్నా ఆడవాళ్లలో ఎక్కువ. మన చామనఛాయ, నలుపు చర్మాల మీద ఎర్రగా కనిపించదు. గుండుసూది తలంత బుడిపెలుగానో, కాస్త తెల్లబారిన గరుకు మచ్చలుగానో కనిపిస్తుంది. అందుకే చాలామంది దీన్ని శోభి అనుకుని ఫంగస్ మందు రాస్తుంటారు. శోభికి ఇంత దురద ఉండదు.

ఎండలో ఉన్న కొన్ని గంటలకో, మర్నాటికో ఇవి లేస్తాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, అంటే యూవీ, చర్మంలో ఏదో ఒక పదార్థాన్ని కాస్త మార్చేస్తాయి. మామూలు చర్మంలో అదే యూవీ రోగనిరోధక శక్తిని కాసేపు అణిచి ఉంచుతుంది కాబట్టి గొడవ లేదు. పీఎంఎల్‌ఈ ఉన్నవాళ్లలో ఆ అణగడం సరిగా జరగదు. మారిన పదార్థాన్ని ఒళ్లు పరాయిదిగా భావించి ఎదిరిస్తుంది. ఆ పోరుకు గంటల సమయం పడుతుంది, అందుకే ఆలస్యం. ముఖం ఏడాది పొడుగునా ఎండ చూసి రాటుదేలి ఉంటుంది కాబట్టి దానికి రాదు. చలికాలమంతా కప్పి ఉన్న చేతులకు వస్తుంది. వేసవి చివరికి చేతులూ రాటుదేలతాయి. మీరు వానల పుణ్యం అనుకుంటున్నదాంట్లో కొంత వాటా దీనిది కూడా.

ఈ రాటుదేలడాన్నే వైద్యంగా వాడుకోవచ్చు. ఫిబ్రవరి మొదటి వారం నుంచి రోజూ పొద్దున 8–9 మధ్య చేతులకు 5 నిమిషాలు ఎండ తగలనివ్వండి. వారానికి ఐదేసి నిమిషాలు పెంచుకుంటూ 20–25 నిమిషాలదాకా రండి. మధ్యలో దురద మొదలైతే రెండు మూడు రోజులు ఆపి, ముందు వారం కొలతతో మళ్లీ మొదలుపెట్టండి. మార్చి నుంచి బయటికి వెళ్లేటప్పుడు పొడుగు చేతుల బట్టలు, ఎస్‌పీఎఫ్ 50 సన్‌స్క్రీన్ వాడండి. ట్యూబు మీద పీఏ పక్కన కనీసం మూడు ప్లస్‌లు ఉండాలి. మనదాకా వచ్చే యూవీలో యూవీఏ, యూవీబీ అని రెండు రకాలు. ఈ జబ్బును రేపే కిరణాల్లో యూవీఏ వాటా పెద్దది, ఎస్‌పీఎఫ్ అంకె ముఖ్యంగా యూవీబీకి కొలత. యూవీఏకి కొలత పీఏ.

బుడిపెలు లేచాక చన్నీళ్లలో తడిపి పిండిన గుడ్డ 10–15 నిమిషాలు వేస్తే దురద కుదుటపడుతుంది. రాత్రిపూట సెటిరిజిన్ 10 మిల్లీగ్రాములు వేసుకోవచ్చు, మత్తుగా ఉంటుంది. డాక్టర్ రాస్తే మొమెటసోన్ లాంటి స్టెరాయిడ్ క్రీము చేతులకు రోజుకోసారి, 5–7 రోజులు. ముఖానికి వద్దు. వారం పది రోజుల్లో మచ్చ గుంట పడకుండా పోతుంది, రంగు సర్దుకోవడానికి ఇంకొన్ని వారాలు. ఏటా ఉద్యోగం చేసుకోలేనంతగా వస్తుంటే సీజనుకు ముందే ఆసుపత్రిలో నారోబ్యాండ్ యూవీబీ, అంటే యంత్రంతో కొలిచి ఇచ్చే యూవీబీ కిరణాలు, ఇస్తారు: వారానికి మూడుసార్లు, ఐదు వారాలు. హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రలు ఇంకో దారి. బరువులో కిలోకు రోజుకు 5 మిల్లీగ్రాములు దాటకూడదు, కంటి పరీక్ష చేయించాలి.

ఒక్క సంగతి మరిచిపోకండి. మచ్చలు మూడు వారాలు దాటినా పోకపోయినా, కీళ్లనొప్పులు, నోట్లో పుండ్లు, విడవని జ్వరం, కుచ్చులుగా జుట్టు ఊడటం ఉన్నా, రెండు బుగ్గల మీద ముక్కును కలుపుతూ సీతాకోకచిలుక రెక్కల్లా ఎర్రదనం వచ్చినా అది పీఎంఎల్‌ఈ కాకపోవచ్చు. లూపస్, అంటే రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే తిరగబడే జబ్బు, ఉందేమో తెలుసుకోవడానికి ఏఎన్‌ఏ రక్తపరీక్ష, మూత్రపరీక్ష చేయించాలి.

ప్రశ్న: మా నాయనకు 58 ఏళ్లు. సేద్యం చేస్తాడు. ఆరేళ్లుగా ముఖం, మెడ, చేతులు విపరీతమైన దురద. ముఖం మీద తోలు మందమై గీతలు పడింది. రెప్పలు వాచాయి. ‘ఎండ అలర్జీ’ అని సన్‌స్క్రీన్ రాశారు. నెలకో ట్యూబు అయిపోతోంది, లాభం లేదు. సూది వేసినప్పుడు నెమ్మదిస్తుంది, మళ్లీ మామూలే.
– అనంతపురం జిల్లా నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీ ఉత్తరంలో ‘రెప్పలు’ అన్న మాట చాలా విలువైనది. మీ నాన్నగారిని వెలుతురులో కూర్చోబెట్టి నాలుగు చోట్లు చూడండి: పై రెప్పలు, చెవుల వెనక, గడ్డం కింద, మోచేతి మడత. ఎండ పైనుంచి పడుతుంది కాబట్టి ఈ నాలుగు చోట్లా నీడ ఉంటుంది. ఉత్త ఎండ జబ్బయితే ఇక్కడ చర్మం బాగానే ఉండాలి. ఇక్కడ కూడా మందమై, గీరుకున్న గుర్తులుంటే గాలిలో వచ్చేదేదో చర్మాన్ని పట్టిందని అర్థం. మన మెట్ట ప్రాంతాల్లో ఆ ‘ఏదో’ అంటే ముందు అనుమానించాల్సింది వయ్యారిభామ. కాంగ్రెస్ గడ్డి అంటారు మీ వైపు.

క్యారెట్ ఆకులాంటి ఆకు, కొసన బియ్యపు నూకంత తెల్లని పూలు. గట్ల మీద, బోరు పక్కన, రోడ్డు వారన, బీళ్లలో. మన దేశంలో 1955లో పుణె దగ్గర దీన్ని గుర్తించారు, ఇప్పుడు లేని ఊరు లేదు. ఆకు మీది సన్నని నూగులో పార్థినిన్ అనే పదార్థం ఉంటుంది. పచ్చి మొక్క ముట్టుకుంటేనే కాదు, ఎండి పొడైన మొక్క గాలికి లేచి ముఖం మీద పడ్డా చాలు. అందుకే వానలకు మొలిచినప్పటికన్నా అది ముదిరి ఎండే నెలల్లో కొందరికి ఉద్ధృతంగా ఉంటుంది.

ఇక మీ డాక్టరు ఎండ అన్నది పూర్తిగా తప్పూ కాదు. ఏళ్ల తరబడి ఇది కొనసాగితే, ముఖ్యంగా 50 దాటిన మగ రైతుల్లో, చర్మం నిజంగానే ఎండకు కూడా తట్టుకోలేని స్థితికి చేరుతుంది. దాన్ని క్రానిక్ యాక్టినిక్ డెర్మటైటిస్ అంటారు. అప్పుడు మొక్కా ఎండా రెండూ కలిసి పీడిస్తాయి. సన్‌స్క్రీన్ ఒక్కటే రాసుకుంటే సగం తలుపు మూసినట్టు.

ప్యాచ్ టెస్ట్ చేయించండి. మన దేశంలో వాడే ప్రామాణిక ప్యాచ్ టెస్ట్ పదార్థాల్లో వయ్యారిభామ ఉంటుంది. వీపు మీద చిన్న బిళ్లల్లో పదార్థాలు అంటించి 48 గంటలు ఉంచుతారు. ఆ రెండు రోజులూ స్నానం చేయకూడదు, చెమట పట్టే పని చేయకూడదు. బిళ్లలు తీశాక ఒకసారి, ఆ తర్వాత మరో రెండు రోజులకు ఇంకోసారి చూస్తారు. చాలామంది రెండోసారి వెళ్లరు. ఆలస్యంగా లేచే అలర్జీలు అక్కడే తప్పిపోతాయి. స్టెరాయిడ్ మాత్రలు మింగుతూనో, సూది వేయించుకున్న కొత్తలోనో చేస్తే పరీక్ష తప్పుగా ‘లేదు’ అని చూపించవచ్చు. ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి.

ఇంటి దగ్గర చేయాల్సింది: ఇంటి చుట్టూ, బోరు దగ్గర మొక్కను పూతకు రాకముందే వానపడ్డ నేలలో వేళ్లతో సహా పీకించాలి. ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది, పూశాక పీకడం విత్తనం చల్లడమే. పీకే పని మీ నాన్నగారికి పెట్టకండి. పీకేవాళ్లు చేతికి గ్లవ్స్, ముఖానికి తుండు కట్టుకోవాలి. పంట లేని బీడు, రోడ్డు వారనైతే లీటరు నీళ్లకు 200 గ్రాముల కల్లుప్పు కలిపి ఆకు తడిసేలా కొట్టొచ్చు. చేనులో ఆ పని చేస్తే నేల చౌడుబారుతుంది. పొలం నుంచి రాగానే ముఖం, చేతులు కడుక్కుని చొక్కా మార్చాలి. ఉతికిన బట్టలు గట్టు మీది పొదల మీద ఆరేయకండి. ఈ మొక్క చేమంతి, బంతి, పొద్దుతిరుగుడు కుటుంబానిదే కాబట్టి వాటికీ దురద రావచ్చు. పొద్దుతిరుగుడు వేసిన ఏడాది ఎక్కువైందేమో అడిగి చూడండి.

సూది సంగతి. అది బహుశా ఎక్కువకాలం పనిచేసే స్టెరాయిడ్ అయివుంటుంది. పదేపదే వేయిస్తే షుగరు, బీపీ, ఎముకలు గుల్లబారడం తప్పవు. దానికి బదులు అజాథయోప్రిన్ మాత్రలు ఇలాంటివాళ్లకు బాగా పనిచేస్తాయి. ప్రభావం కనబడటానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, కాబట్టి పదిరోజులకే మానేయకూడదు. తెల్లరక్తకణాలు పడిపోతాయేమో, లివరు ఎలా ఉందో తెలుసుకోవడానికి మొదట్లో రెండు వారాలకోసారి రక్తపరీక్ష తప్పనిసరి. అది చేయించే వీలు లేకపోతే ఆ మందు వద్దు.

ప్రశ్న: నిమ్మకాయ ఊరగాయ పెట్టిన రెండు రోజులకు చేతుల మీద కాలినట్టు ఎర్రగా వచ్చి, ఇప్పుడు ధారలు ధారలుగా నల్ల మచ్చలు పడ్డాయి. నిమ్మకాయ అలర్జీయా? ఇక ముట్టుకోకూడదా?
– ఒక గృహిణి, ఏలూరు

జవాబు: అలర్జీ కాదు, ముట్టుకోవచ్చు. నిమ్మ తొక్కలో, రసంలో సొరాలెన్లనే పదార్థాలుంటాయి. అవి చర్మం మీదుండగా ఎండ తగిలితే ఎవరికైనా కాలుతుంది. దురదకన్నా మంట ఎక్కువ. ఎండలో ఉన్న మరుసటి రోజు మొదలై రెండు మూడు రోజులకు పతాకస్థాయికి వెళ్తుంది. అందుకే ఎవరికీ నిమ్మకాయ గుర్తుకు రాదు. రసం మణికట్టు నుంచి మోచేతికి కారిన దారి ఎలా ఉంటుందో మచ్చ అచ్చంగా అలాగే పడుతుంది. ఆ ఆకారం చూస్తేనే జబ్బు తెలిసిపోతుంది.

ముక్కలు కోసి ఉప్పులో ఊరేసేదాకా ఫర్వాలేదు. మూడో రోజు ఊటలోంచి ముక్కలు తీసి డాబా మీద ఎండబెడుతూ, తడిచేతులతో గంటసేపు అక్కడే తిరగేస్తూ కూర్చుంటాం చూడండి, అక్కడ జరుగుతుంది. చెమట పట్టిన చర్మం దాన్ని ఇంకా బాగా పీల్చుకుంటుంది. డాబా ఎక్కేముందు సబ్బుతో మోచేతిదాకా కడుక్కోండి. ఉత్త నీళ్లు చాలవు. ముక్కలు తిప్పడానికి గరిటె వాడండి. పడ్డ మచ్చలు వారాల నుంచి నెలల్లో వాటంతటవే వెలుస్తాయి. తోమితే, బ్లీచు పెడితే ఇంకా నల్లబడతాయి.

బొల్లి మచ్చలకు బావంచాల గింజలు నూరి రాసుకుని ఎండలో కూర్చునేవాళ్లకు బొబ్బలెక్కేదీ ఇందుకే. వాటిలో ఉన్నదీ సొరాలెనే. మోతాదు, ఎండ సమయం తెలియకుండా ఆ పని చేయొద్దు.

ప్రశ్న: ఎండలోకి వెళ్లిన పది నిమిషాల్లో దద్దుర్లు లేచి, నీడకు వచ్చిన గంటకు పోతున్నాయి. డాక్టరుకు చూపించేలోపే ఏమీ ఉండవు.
– ఒక విద్యార్థి, తిరుపతి

జవాబు: నిమిషాల్లో వచ్చి గంటల్లో పోయేది సోలార్ అర్టికేరియా, ఎండ దద్దుర్లు. ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి, వచ్చిన టైము, పోయిన టైము రాసుకోండి. చాలామందిలో దీనికి కారణం కంటికి కనిపించే వెలుతురు కూడా కాబట్టి సన్‌స్క్రీన్ పెద్దగా ఆపదు. మందపాటి బట్టే కాపాడుతుంది. మత్తు తక్కువుండే యాంటీహిస్టమిన్ మాత్ర రోజూ వేసుకోవాలి, దద్దురు లేచినప్పుడు మాత్రమే కాదు. చాలకపోతే డాక్టర్ మోతాదు పెంచుతారు. ఒళ్లంతా ఒకేసారి ఎండకు పెట్టే పనులు, ఉదాహరణకు మధ్యాహ్నం బావిలో ఈత, మానేయండి. కళ్లు తిరగడం, పెదవులు వాయడం, ఊపిరాడకపోవడం ఉంటే ఇంటి వైద్యం వద్దు, వెంటనే 108.

ప్రశ్న: వయసు 62. ఎప్పుడూ లేనిది ఈ ఏడాది ముఖం, చేతుల వెనక భాగం బూడిద కలిపిన నలుపు తిరుగుతోంది. ఎండలోకి వెళ్తే చురచుర. ఆహారం మారలేదు, సబ్బు మారలేదు. బీపీ, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి.
– ఒక రిటైర్డ్ ఉద్యోగి, విజయవాడ

జవాబు: సబ్బు మారలేదు సరే, మాత్ర మారిందా? ఆరోజునుంచే కాదు, వెనక్కి ఏడాదిదాకా లెక్కేయండి. కొన్ని మందుల వల్ల ఈ నలుపు నెలల తర్వాత గానీ బయటపడదు.

బీపీ మాత్రల అట్ట తీసి పేరు చివర ‘హెచ్’ అనే అక్షరం ఉందేమో చూడండి. సాధారణంగా ఆ ‘హెచ్’ అంటే హైడ్రోక్లోరోథయాజైడ్ కలిపారని. వెనకవైపు చిన్న అక్షరాల్లో 12.5 మిల్లీగ్రాములనో 25 అనో ఉంటుంది. ఎండకు చర్మాన్ని సున్నితం చేసే మందుల్లో పెద్ద పేరు దీనిదే. మోకాళ్ల నొప్పికి నాప్రోక్సెన్ మాత్రలు, కీటోప్రొఫెన్ జెల్ కూడా ఆ జాబితాలోవే. జెల్ మరీ మోసకారి. రాయడం మానేసిన కొన్ని వారాల తర్వాత కూడా ఆ చోట ఎండ తగిలితే మళ్లీ లేస్తుంది. ఇవికాక మొటిమలకూ ఇన్ఫెక్షన్లకూ ఇచ్చే డాక్సీసైక్లిన్, తామరకిచ్చే గ్రైసియోఫుల్విన్, గుండె లయకిచ్చే ఆమియోడరోన్, ఊపిరితిత్తులు గట్టిపడినవాళ్లకిచ్చే పిర్ఫెనిడోన్.

బీపీ మాత్ర మీరంతట మీరు మానొద్దు. అట్ట తీసుకుని రాసిన డాక్టరు దగ్గరికే వెళ్లి, చర్మం సంగతి చెప్పి, వేరే రకం ఇవ్వమనండి. బీపీకి మందుల కొరత లేదు. మార్చాక మంట కొన్ని రోజుల్లో, వారాల్లో తగ్గుతుంది. నలుపు మాత్రం ఆర్నెల్లు, ఏడాది తీసుకోవచ్చు. అది తగ్గలేదని మార్చిన మందు మీద అనుమానపడకండి. ఇంకొక మాట, ఈ రకం నలుపుకు కారణమైన యూవీఏ కిటికీ అద్దంలోంచి కూడా వస్తుంది. రోజూ అద్దం పక్కన కుర్చీ వేసుకుని పేపరు చదివే అలవాటుంటే కుర్చీ జరపండి.

ప్రశ్న: మెడికల్ షాపులో ఇచ్చిన క్రీము రెండేళ్లుగా రాస్తున్నా. మొదట ముఖం తెల్లబడింది. ఇప్పుడు ఎండకే కాదు, గ్యాస్ పొయ్యి దగ్గర నిలబడ్డా మండుతోంది. మానేస్తే మూడో రోజుకే ఎర్రగా పొంగుతోంది.
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: ట్యూబు మీద చిన్న అక్షరాల్లో బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ వీటిలో ఏదో ఒకటి కచ్చితంగా ఉంటుంది. అవన్నీ స్టెరాయిడ్లు. పక్కన హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ కూడా ఉంటే చర్మం పై పొర పలచబడి ఎండకు రక్షణ లేకుండా పోతుంది. మంగు కోసం డాక్టర్ పర్యవేక్షణలో కొన్ని వారాలు వాడే మందును రెండేళ్లు రోజూ క్రీములా పూసుకున్నారు. అలర్జీ మీ చర్మానిది కాదు. ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మకూడని మందును కౌంటరు మీద నుంచి చేతిలో పెట్టిన షాపుది తప్పు.

ఒక్కసారిగా ఆపితే పొంగుతుంది, పొంగితే భయపడి మళ్లీ రాస్తారు. ఈ చక్రంలోంచి బయటపడాలంటే డాక్టర్ సాయంతో తక్కువ శక్తి ఉన్నదానికి మారి, రోజు విడిచి రోజు, ఆ తర్వాత వారానికి రెండుసార్లు అంటూ తగ్గించాలి. తోడుగా టాక్రోలిమస్ లాంటి స్టెరాయిడ్ కాని లేపనం ఇస్తారు. ఆ కాలమంతా వాసన లేని మాయిశ్చరైజరు, జింక్ ఆక్సైడ్ సన్‌స్క్రీన్ తప్ప ముఖానికి ఏమీ వద్దు. పసుపు, నిమ్మరసం, ఫేషియల్, ఏవీ. నెలలు పడుతుంది.

ప్రశ్న: రోజూ బైకు మీద గంటన్నర ప్రయాణం. ఎస్‌పీఎఫ్ 50 వాడుతున్నా నల్లబడుతూనే ఉన్నా. 50 గ్రాముల ట్యూబు నాలుగు నెలలు వస్తుంది. బ్రాండు మార్చాలా?
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: మీరడగని ప్రశ్నకు జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. నాలుగు నెలలు! సన్‌స్క్రీన్‌ను ల్యాబులో పరీక్షించేది చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల మందంలో. ఆ లెక్కన ముఖానికీ మెడకూ చూపుడువేలు, నడిమివేలు పొడుగునా రెండు గీతలు పిండాలి. అది సుమారు ఒక గ్రాము. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి అంటే 50 గ్రాములు 25 రోజులకు అయిపోవాలి. మీరు రాస్తున్నది అందులో సుమారు ఐదో వంతు. పలచగా రాస్తే 50 అనే అంకె ట్యూబు మీదే మిగిలిపోతుంది. ఎస్‌పీఎఫ్ 30కి, 50కి మధ్య తేడా యూవీబీలో 97 శాతం ఆపడం, 98 శాతం ఆపడం. రాసే మందంలో తేడా దానికన్నా చాలా పెద్దది.

బయలుదేరే 15–20 నిమిషాల ముందు రాయండి. చెవులు, మెడ వెనక, చేతుల పైభాగం మరిచిపోకండి. ఎండలోనే ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ. బండి మీద మాత్రం క్రీముకన్నా గుడ్డే నయం: దగ్గర నేత ఉన్న ముదురు రంగు స్లీవ్స్, గ్లవ్స్, హెల్మెట్ వైజర్ దించుకోవడం. పలచని తెల్ల కాటన్ చెమటకు తడిస్తే కిరణాలు దాదాపు నేరుగా పోతాయి. టైము చూసే పని లేకుండా ఒక గుర్తు: మీ నీడ మీకన్నా పొట్టిగా ఉన్నంతసేపూ ఎండ గట్టిదే.

సన్‌స్క్రీన్ రాసినచోటే, ఎండ తగిలాకే దురద వస్తుంటే బ్రాండు కాదు, లోపలి పదార్థం మార్చాలి. ఆక్సీబెంజోన్, ఆక్టోక్రిలీన్ కొందరికి పడవు. అవి లేని, జింక్ ఆక్సైడ్ లేదా టైటానియం డయాక్సైడ్ ఉన్నది తీసుకోండి. కాస్త తెల్లగా పూసినట్టుంటుంది, అంతే.

ప్రశ్న: మా చిన్నాన్న మందు తాగుతాడు, అన్నం సరిగా తినడు. మెడ చుట్టూ దండ వేసినట్టు నల్లగా, గరుకుగా మందమైంది. చేతుల మీద గ్లవ్స్ తొడిగినట్టే ఉంది. ఎండలో మంట అంటాడు. విరేచనాలు కూడా. ఈమధ్య మాట తడబడుతోంది, మరుపు.
– మహబూబ్‌నగర్ జిల్లా నుంచి

జవాబు: చర్మ డాక్టరు అపాయింట్‌మెంటు కోసం ఆగకండి, ఈ వారంలోనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. ఇది పెలాగ్రా, బీ3 విటమిన్ అయిన నయాసిన్ లోపం కావచ్చు. మెడ చుట్టూ ఆ నలుపును, దాన్ని 18వ శతాబ్దంలో వర్ణించిన స్పెయిన్ వైద్యుడి పేరుతో కాసల్ హారం అంటారు. చర్మం, విరేచనాలు, మతి తప్పడం – మూడూ కలిశాయంటే ఆలస్యం ప్రాణానికి ముప్పు. నికోటినమైడ్ 100 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు మూడుసార్లు, మిగతా బీ విటమిన్లతో కలిపి మూడు నాలుగు వారాలు ఇస్తారు. విరేచనాలు, మంట రోజుల్లోనే నెమ్మదిస్తాయి. తాగుడు ఆగకపోతే మళ్లీ వస్తుంది. టీబీ మందు ఐసోనియాజిడ్ వాడుతుంటే అదీ కారణం కావచ్చు, డాక్టరుకు చెప్పండి.

జొన్నే ఏకైక తిండిగా ఉన్న రోజుల్లో మన మెట్ట పల్లెల్లో ఇది మామూలు జబ్బు. జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్‌కు దీనితో సంబంధం ఉందని హైదరాబాదులోని పోషకాహార పరిశోధన సంస్థ నుంచి గోపాలన్, శ్రీకాంతయ్య 1960లో రాశారు. అది చదివి జొన్నరొట్టె మానేయనక్కర్లేదు. పప్పు, పాలు, గుడ్డు, పల్లీలతో కలిపి తినేవాళ్లకు భయం లేదు.

ప్రశ్న: బాబుకు రెండో ఏడు. ముఖం నిండా నువ్వుల్లాంటి మచ్చలు. వెలుతురు చూస్తే కళ్లు మూసుకుని ఏడుస్తాడు. మాది మేనరికం.
– ఒక తల్లి, కర్నూలు

జవాబు: మీకు భయం కలిగించాలని కాదు, కానీ ఇది వాయిదా వేసే విషయం కాదు. రెండేళ్లలోపు ఎండ తగిలే చోట నువ్వుల మచ్చలు, వెలుతురుకు కళ్లు తట్టుకోకపోవడం కలిస్తే జీరోడెర్మా పిగ్మెంటోజమ్ ఉందేమో చూడాలి. యూవీ దెబ్బతీసిన డీఎన్‌ఏను బాగుచేసుకునే శక్తి పుట్టుకతోనే లోపించే జబ్బు ఇది. కాపాడకపోతే చిన్నతనంలోనే చర్మ క్యాన్సర్లు రావచ్చు. లోపమున్న జన్యువు తల్లిదండ్రులిద్దరి దగ్గరా ఉంటేనే బిడ్డకు వస్తుంది. ఒకే ఇంటివాళ్లయినప్పుడు ఆ అవకాశం పెరుగుతుంది.

నిర్ధారణ అయ్యేదాకా కూడా పగలు బయటికి తేవద్దు. కిటికీలకు యూవీ ఫిల్ము, మందపాటి కర్టెన్లు వేయండి. తప్పనిసరైతే ఒళ్లంతా కప్పే బట్టలు, వెడల్పు అంచు టోపీ, పక్కలు కూడా మూసే యూవీ కళ్లద్దాలు, మిగిలినచోట సన్‌స్క్రీన్. ఎండ లేకపోతే విటమిన్ డి తగ్గుతుంది, చుక్కల మందు డాక్టర్ రాస్తారు. చర్మం మూణ్ణెల్లకోసారి, కళ్లు క్రమం తప్పకుండా చూపించాలి. హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. జన్యుపరీక్ష, తర్వాతి కాన్పు గురించిన సలహా అక్కడ దొరుకుతాయి. జబ్బు నిర్ధారణ అయితే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. బాబులో లోపం ఏ జన్యువులో ఉందో తెలిస్తే గర్భం 11–13 వారాల్లో ఉండగానే పరీక్షించవచ్చు. కాబట్టి ఇంకో బిడ్డ ఆలోచన ఉంటే పరీక్ష ముందే చేయించండి.

ప్రశ్న: గుంటూరు ఎండల్లో పెరిగినదాన్ని, ఒక్క బుడిపె ఎరుగను. అమెరికాలో మినియాపొలిస్ వచ్చిన రెండో ఏడు, ఏప్రిల్‌లో మొదటిసారి పార్కులో కూర్చుంటే చేతులనిండా దురద బుడిపెలు. ఇక్కడి ఎండ మనదాంతో పోలిస్తే ఏపాటిది?
– ఒక విద్యార్థిని

జవాబు: ఎండ ఎంతన్నది కాదు, మీ చర్మం దాన్ని చూసి ఎన్నాళ్లయిందన్నది లెక్క. కరీంనగర్ పాఠకురాలికి చెప్పిన జబ్బే ఇది, పీఎంఎల్‌ఈ. అక్కడ అక్టోబర్ నుంచి మార్చిదాకా చేతులు కోటు బయటికి రావు. గుంటూరులో ఏడాదంతా రాటుదేలి ఉన్న చర్మం ఆ ఆర్నెల్లలో మొత్తం మరిచిపోతుంది. చలి దేశాల్లో ఈ జబ్బు ఎక్కువగా కనిపించేది ఇందుకే. మంచు పడి ఉన్న రోజు ఎండ కాస్తే యూవీలో 80 శాతం దాకా మంచు తిప్పి కొడుతుంది కాబట్టి గడ్డం కిందకు కూడా రావచ్చు.

ఫోన్‌లో వాతావరణం యాప్ తెరిస్తే యూవీ ఇండెక్స్ కనిపిస్తుంది. 3 దాటిన రోజు నుంచి సన్‌స్క్రీన్ మొదలుపెట్టండి. మార్చి చివర్లో ఎండ కాసిన రోజుల్లో 5–10 నిమిషాలతో మొదలుపెట్టి పెంచుకోండి. డిసెంబర్ సెలవుల్లో ఇంటికొచ్చినప్పుడు కూడా ఇదే జాగ్రత్త. చలికాలమే కదా అని మొదటి రోజే పొట్టి చేతులతో మధ్యాహ్నం షాపింగుకు వెళ్లకండి. మన శీతాకాలపు మధ్యాహ్నం ఎండ కూడా మీరు వదిలి వచ్చిన ఊరి ఎండకన్నా ఎన్నో రెట్లు గట్టిది. మొదటి మూడు నాలుగు రోజులు పొడుగు చేతులు వేసుకోండి.